ఆసనం, అలంకారం, అంతస్తు: ఉత్తర తెలంగాణ కళావస్తువుల సామాజిక పఠనం

తెలుగులో ఒకరికి ప్రాధాన్యమివ్వడాన్ని ‘పెద్దపీట వేయడం’ అంటారు. అధికారాన్ని ‘గద్దె’, ‘కుర్చీ’ అనే మాటలతో సూచిస్తారు. ఆసనం కూర్చునే వస్తువు మాత్రమే కాదని, మనిషి అంతస్తును కొలిచే సాధనం కూడానని భాషే సాక్ష్యమిస్తున్నది. ఉత్తర తెలంగాణ హస్తకళలపై వెలువడే రచనలు మాత్రం తరచుగా పనితనపు వర్ణన దగ్గరే ఆగిపోతున్నాయి.

ఈ లోపాన్ని గుర్తించడానికి ఫ్రాన్సు రాజాస్థానం ఉపకరించే పోలిక. మంత్రి కోల్బెర్ చొరవతో 1662లో పారిస్‌లోని గోబెలాఁ నేత కార్ఖానా రాజపోషణలోకి వచ్చింది. 1664లో బోవే కార్ఖానా ఏర్పడింది. చిత్రాల నేతవస్త్రాలు ప్రభువుల గోడలనూ, కాలక్రమంలో వారి కుర్చీలనూ అలంకరించాయి. కాని 14వ లూయీ కాలపు వెర్సాయ్‌లో అంతస్తును తేల్చినది నేత సొగసు ఒక్కటే కాదు. రాణి సమక్షంలో వీపు ఆనని చిన్నపీటపై కూర్చునే హక్కు డచెస్‌లకు ప్రత్యేక గౌరవం. తక్కిన స్త్రీలలో అధికులు నిలబడవలసినదే. పీట చిన్నదైనా దానిపై కూర్చునే అనుమతి పెద్దది.

ఈ దృష్టితో చూస్తే ఆదిలాబాద్ ప్రాంతపు నిర్మల్ కళాకారులు కొయ్యపై దిద్దిన బంగారు వన్నె పూలతీగలు, కరీంనగర్ పనివారు సన్నని వెండితీగను మెలిపెట్టి అల్లిన పాన్‌దానులు, అత్తరుదానులు కొత్త అర్థాన్నిస్తాయి. తాంబూలం, అత్తరు అతిథి మర్యాదకు చిహ్నాలు. మర్యాద ఎవరికి దక్కుతుందో నిర్ణయించేది వస్తువు కాదు, సామాజిక క్రమం.

అదే నేలపై దొరల గడీలుండేవి. దొర ఎదుట మంచంపై కూర్చోవడం కూడా ధిక్కారంగా పరిగణింపబడిన గ్రామాలున్నాయి. ‘బాంచెన్ దొరా, కాల్మొక్త’ అన్న సంబోధన ఆ క్రమానికి భాషారూపం. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించేంతగా సాగిన రైతుకూలీల పోరాటం భూమి, కూలి, వెట్టి సమస్యలతోపాటు ఆత్మగౌరవాన్నీ ముందుకు తెచ్చింది. దొర ముందు కూర్చునే హక్కు ఆ ఆత్మగౌరవంలో భాగమే.

ఇందువల్ల కళ దోషి అని తీర్మానించడం సరికాదు. వెండితీగను అల్లిన చేతికీ, ఆ పళ్ళెంలో తాంబూలం అందుకున్న చేతికీ మధ్య ఉన్న దూరాన్ని చూడని విమర్శ అసంపూర్ణం. వస్తువును ఎవరు చేశారు, ఎవరు వాడారు, దాని ముందు ఎవరు నిలబడ్డారు అన్న మూడు ప్రశ్నలూ కలిసినప్పుడే అలంకారం చరిత్రగా మారుతుంది. మూడవ ప్రశ్నను వదిలేస్తే మిగిలేది గడి చెప్పుకొన్న చరిత్ర మాత్రమే.