కూర్చున్న కొమ్మను నరికే నేర్పు

గోడ మీద మినుకుమనే వైఫై పెట్టెను ఎవరూ తలెత్తి చూడరు. ఆగిపోయినప్పుడే అది గుర్తొస్తుంది. దాన్ని నడిపే పనివాడి సంగతీ అంతే.

లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ సోర్స్ కోడ్ పునాదిగా 2004లో ఇలాంటి పెట్టెల్లో నడిచే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ మొదలైంది. అందులో రేడియో సంగతులన్నీ ‘వైర్‌లెస్’ అనే మామూలు టెక్స్ట్ ఫైలులో ఉంటాయి: చానెల్, దేశం, నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్. దాపరికమేమీ లేదు, చదవడం వస్తే చాలు.

హాస్టల్‌లో నలభై పెట్టెలుంటే, ఒక్కోదాని సెట్టింగుల పేజీ తెరిచి క్లిక్కులు కొట్టేవాడికి పొద్దు గూకుతుంది. పని తెలిసినవాడు అన్నింటిలోనూ ఆ ఫైలును మార్చే పది లైన్ల షెల్ స్క్రిప్ట్ రాస్తాడు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఇరుగుపొరుగు పెట్టెలు ఒకదాన్నొకటి తొక్కుకోకుండా 1, 6, 11 చానెళ్లను వంతులవారీగా పంచుతాడు.

అసలు పనితనం అతని జాగ్రత్తలో ఉంది. ఏ వైఫై మీదుగా లోపలికి వెళ్లాడో దాన్నే మార్చడమంటే కూర్చున్న కొమ్మను నరకడమే. ఒక్క కొటేషన్ గుర్తు తప్పితే పెట్టె మూగబోతుంది, నిచ్చెన ఎక్కాల్సిందే. అందుకే ముందు పాత ఫైలుకు నకలు తీస్తాడు. ఐదు నిమిషాల్లో తాను తిరిగి రాకపోతే పాతదే పెట్టుకోమని పెట్టెకే చెప్పి, అప్పుడు ఎంటర్ నొక్కుతాడు.

మర్నాడు ఒక్క ఫిర్యాదూ రాదు. ఆ నిశ్శబ్దమే అతనికి సన్మానం.