ఒకే పెట్టెలో మూడు తరాల డిస్కులు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వంటి ఊళ్లలో ఏండ్ల తరబడి నడుస్తున్న డీటీపీ సెంటర్లలో, ఫొటో స్టూడియోలలో పాత సీపీయూ మూత విప్పితే లోపలి డిస్కులన్నీ ఒకే ఈడువి ఉండాలని లేదు. వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌కు ఒక ఐడీఈ హార్డ్‌డిస్కు, సన్నని కేబుల్‌కు ఒక సాటా డిస్కు, వాటి పక్కన ఈమధ్యే బిగించిన ఎస్‌ఎస్‌డీ. చూసినవాళ్లు దీన్ని పైసల్లేక చేసిన సర్దుబాటు అనుకుంటారు. పైసల సంగతి నిజమే, కానీ అది సగమే. ఆ పాత డిస్కుల్లో ఉన్న సరుకు మరోచోట దొరకదు. పెండ్లి పత్రికలు, ఊరి జాతర పోస్టర్లు, 2009 నుంచి 2014 దాకా తెలంగాణ ఉద్యమంలో పంచిన కరపత్రాలు గ్రంథాలయాలకు అంతగా చేరేవి కావు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోకముందు సూర్యాపేటను, భువనగిరిని నల్లగొండ జిల్లాగా, నాగర్‌కర్నూల్‌ను, గద్వాలను మహబూబ్‌నగర్ జిల్లాగా రాసుకున్న కాలమంతా ఇట్లాంటి ఫైళ్లలోనే ఉంది. అందుకే పాత డిస్కును కొత్త డిస్కుల పక్కన బతికించి పెట్టే మెకానిక్ పనిని ఒక విద్యగా గుర్తించాలంటాను. ఆ విద్యకు ఆధారం ఒకటే: ఏ డిస్కు ఎట్లా చెడిపోతుందో తెలుసుకుని, దాని వయసుకు తగిన పని అప్పజెప్పడం.

ఐడీఈ కేబుల్‌కు రెండు డిస్కులు తగిలించవచ్చు. ఏది మాస్టర్, ఏది స్లేవ్ అనేది డిస్కు వెనకాల ఉండే చిన్న జంపర్ చెప్తుంది. రెండింటికీ మాస్టర్ పెడితే రెండూ కనిపించకుండా పోవచ్చు. వెస్టర్న్ డిజిటల్ పాత డిస్కుల్లో ఇంకో మెలిక ఉంది. డిస్కు ఒంటరిగా ఉంటే ఒక అమరిక, పక్కన స్లేవ్ ఉంటే మరో అమరిక. ఇది తెలియక మంచి డిస్కునే చచ్చిపోయిందని పక్కన పడేస్తారు. కేబుళ్లలోనూ తేడా ఉంది. కనెక్టర్ అన్నిటికీ 40 పిన్నులదే అయినా, తర్వాత వచ్చిన వేగాలకు 80 తీగల కేబుల్ కావాలి. దాని నీలం కొస మదర్‌బోర్డుకు, నలుపు కొస మాస్టర్‌కు, నడుమ బూడిద రంగుది స్లేవ్‌కు. నెమ్మది డిస్కు పక్కన పెడితే వేగం డిస్కు కూడా దాని స్థాయికి దిగిపోతుందని చాలామంది నమ్మకం. తొలినాటి కంట్రోలర్లకు అది నిజం. తర్వాతివి ఒక్కో డిస్కును దాని వేగంతోనే నడుపుతాయి. అయితే ఒక కేబుల్ మీద ఒక సమయంలో ఒక డిస్కే మాట్లాడగలదు కాబట్టి, ఒకే కాడికి కట్టిన ముసలి ఎద్దు, కోడె లాగా ఒకదాని కోసం ఇంకొకటి ఆగక తప్పదు. అందుకే రెండు డిస్కుల మధ్య పెద్ద ఫైళ్లు కాపీ చేయాల్సి వస్తే తెలిసినవాళ్లు వాటిని వేర్వేరు కేబుళ్ల మీద పెడతారు.

2003లో సాటా వచ్చాక జంపర్ల గోల పోయిందనుకున్నారు, పూర్తిగా పోలేదు. కొన్ని వీఐఏ చిప్‌సెట్ల పాత బోర్డులు సెకనుకు 3 గిగాబిట్ల సాటా డిస్కును గుర్తించలేవు. డిస్కు మీద జంపర్ పెట్టి దాన్ని 1.5 గిగాబిట్లకు దించితే కనిపిస్తుంది. 2006లో ఇంటెల్ తన కొత్త డెస్క్‌టాప్ చిప్‌సెట్ల నుంచి ఐడీఈని తీసేసింది. ఆ చిప్‌సెట్ల బోర్డుల్లో ఐడీఈ సాకెట్ ఉన్నా దాన్ని వేరే కంపెనీ చిప్ నడిపేది. బయాస్‌లో సాటాను ఐడీఈ మోడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చితే, అంతకుముందు ఎక్కించిన విండోస్ ఎక్స్‌పీ నీలి తెర చూపించి ఆగిపోతుంది. డిస్కు మాత్రం బాగానే ఉంటుంది. పాత పద్ధతి పార్టిషన్ టేబుల్ సుమారు 2 టెరాబైట్లకు మించి చూడలేదు. కొత్త బోర్డుల్లో ఎం.2 సాకెట్‌లో ఎస్‌ఎస్‌డీ పెట్టగానే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేసే మోడళ్లున్నాయి. ఆ సంగతి మాన్యువల్‌లో రాసి ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ. అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త వేరే ఉంది. ఎస్‌ఎస్‌డీ మీద కొత్త విండోస్ ఎక్కించే ముందు మిగతా డిస్కుల కేబుళ్లు పీకేయాలి. లేకపోతే బూట్ ఫైళ్లు పాత డిస్కు మీదికి పోయి కూర్చోవచ్చు. అప్పుడు ఆ ముసలి డిస్కు పోయిన రోజు కొత్తది కూడా లేవదు.

పనుల పంపకానికి మన ఎండల్ని లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడ వేసవిలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. చాలా హార్డ్‌డిస్కులు ఓర్చుకోగల గరిష్ఠం 55, 60 డిగ్రీలు. మూడు డిస్కుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో నడిపితే ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. నడుమ ఒక అర ఖాళీ వదలడం ఖర్చులేని వైద్యం. అట్లాగని కొత్తది అన్నింటికీ మేలనుకోవడమూ పొరపాటే. బాగా వాడి అరిగిన ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల వద్ద ఏడాది పాటు డేటా నిలిపితే చాలన్నదే మామూలు ఎస్‌ఎస్‌డీలకు జెడెక్ సంస్థ పెట్టిన ప్రమాణం. వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది. అందుకని బీరువాలో దాచడానికి అరిగిన ఎస్‌ఎస్‌డీ పనికిరాదు. ఎస్‌ఎస్‌డీ మీద విండోస్, రోజువారీ పని నడవాలి. పెద్ద సాటా డిస్కు మీద నిల్వ ఉండాలి. ఐడీఈ డిస్కు నుంచి చదవడమే తప్ప దాని మీద కొత్త ఫైళ్లు దాచకూడదు.

పాతదంతా కొత్తదాంట్లోకి కాపీ చేసి పాత డిస్కును పారేస్తే పోలేదా అని అడుగుతారు. ఫొటోలకు, వీడియోలకు ఆ మాట చెల్లుతుంది. డీటీపీ ఫైళ్ల దగ్గర చెల్లదు. మన ఊళ్ల డీటీపీ పని చాలా ఏండ్లు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో సాగింది. అవి యూనికోడ్ కావు. ఫాంటు లేనిచోట తెలుగు కరపత్రం అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల కుప్పగా తెరుచుకుంటుంది. పేజ్‌మేకర్ లేకుంటే సరిగ్గా తెరుచుకోవడమే కష్టం. అంటే ఫైలుతో పాటు దాన్ని చదివే ఏర్పాటునంతా కాపాడాలి. ఆ ఏర్పాటు నడిచే ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సాయం 2014 ఏప్రిల్ 8న ఆగింది, అది ప్రమాదం కదా అంటే, ప్రమాదమే. ఎక్స్‌పీ ఉన్న డిస్కుతో బూట్ చేసినప్పుడు నెట్ కేబుల్ తగిలించకూడదు. మొత్తం డిస్కును ఇమేజ్ తీసి కొత్త కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్‌గా నడిపించడం ఇంకా మేలు, అందరూ చివరికి చేరాల్సింది అక్కడికే. క్లౌడ్‌లో పెట్టుకోవాలన్నా సరే. కానీ ఇమేజ్ తీయాలన్నా, పైకి ఎక్కించాలన్నా ముందు ఆ పాత డిస్కు ఏదో ఒక కంప్యూటర్‌కు కనిపించాలి కదా. యూఎస్‌బీ అడాప్టర్ చాలంటారు గానీ, చవక రకాలు చాలావరకు డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ అంకెల్ని చూపవు. చెడిన సెక్టార్లు పెరుగుతున్నాయో లేదో తెలియాలంటే నేరుగా బోర్డుకు తగిలించడమే నమ్మకం.

అట్లా తగిలించేటప్పుడు కరెంటు సంగతీ చూసుకోవాలి: పాత ఎస్‌ఎమ్‌పీఎస్ నాలుగు పిన్నుల ప్లగ్ నుంచి సాటా డిస్కుకు కరెంటిచ్చే కన్వర్టర్లలో ప్లాస్టిక్ ముద్దగా పోసినవి లోపల షార్టయి కాలిన సందర్భాలున్నాయి, తీగలు విడివిడిగా బిగించినవే కొనాలి. ఈ విద్య నేర్పడానికి చోటు కూడా ఉంది: ఐటీఐలలో కంప్యూటర్ హార్డ్‌వేర్ నేర్పే ట్రేడ్ ఉంది. అక్కడి పిల్లలతో కొత్త కంప్యూటర్‌ను విప్పి బిగించడంతో పాటు ఐడీఈ డిస్కును గుర్తించడం, స్మార్ట్ అంకెలు చదవడం, దాని మీద ఏమీ రాయకుండా ఇమేజ్ తీయడం కూడా చేయించాలి. మొదట తీయాల్సినవి డీటీపీ సెంటర్ల డిస్కులు. స్టూడియో ఫొటోకైతే ఏదో ఒక ఇంట్లో ఆల్బమ్ మిగిలి ఉంటుంది, పంచిపెట్టిన కరపత్రానికి ఆ ఫైలు తప్ప ఇంకో ప్రతి ఉండటం అరుదు.