లిలిత్, ఇసక్కి: పోలిక ఎంతవరకు?

యూదుల జానపద విశ్వాసాల్లోని లిలిత్‌ను గురించి చదివినప్పుడు కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల మన విద్యార్థులకు ఇసక్కి గుర్తుకు రావడం సహజం. తిరునెల్వేలి, తూత్తుకుడి, కన్యాకుమారి జిల్లాల్లో కొలుపులందుకునే ఈ దేవత కొన్ని విగ్రహాల్లో పసిబిడ్డను పళ్లతో కరచి పట్టుకొని ఉంటుంది. లిలిత్ కూడా పురిటిబిడ్డలకు గండమే. అంతమాత్రాన ఇద్దరూ ఒకటేనా?

ముందు పేర్లు చూద్దాం. లిలిత్‌ను హీబ్రూలో రాత్రి అనే అర్థమున్న ‘లయిలా’తో ముడిపెట్టడం పరిపాటి. అది ధ్వనిసామ్యం వల్ల పుట్టిన లౌకిక వ్యుత్పత్తి. అక్కడియన్ ‘లిలీతు’, దాని వెనుక గాలి అనే అర్థమున్న సుమేరియన్ ‘లిల్’ దీనికి మూలాలని పండితుల అభిప్రాయం. ఇసక్కి సంస్కృత ‘యక్షి’; శిలప్పదికారంలో ‘ఇయక్కి’. తమిళ ‘ఉయిర్’ పక్కన మన ‘ఉసురు’ను పెట్టి చూస్తే యకార సకారాల సంబంధం బోధపడుతుంది. అదే యక్ష శబ్దం ప్రాకృతం మీదుగా తెలుగులో ‘జక్కు’ అయింది. క్రీడాభిరామంలో పాడుతూ వచ్చే జక్కుల పురంధ్రి పేరులో ఉన్నది ఆ మాటే.

కథల్లో పోలిక నిజమే. క్రీ.శ. 8-10 శతాబ్దాల నాటి ‘బెన్ సిరా వర్ణమాల’లో లిలిత్ ఆదాముతో సమానంగా మట్టినుంచి పుట్టి, అతనికి లొంగి ఉండనని ఎగిరిపోతుంది. ఇసక్కితో కలిపి చెప్పే నీలి, భర్త చేతిలో హతురాలై, మరుజన్మలో జెముడు కొమ్మను బిడ్డగా చంకనెత్తుకొని వచ్చి పగ తీర్చుకుంటుంది. రెండూ దాంపత్య కలహంలో పుట్టిన కథలే. మన ఇళ్లలో దీన్ని ‘ఆడదాని ఉసురు’ అంటాం.

తేడా ఆచారంలో ఉంది. ఇరాక్‌లోని నిప్పూరులో దొరికిన అరామయిక్ మంత్రపు గిన్నెలు కొన్నింటిపై లిలిత్‌లకు విడాకుల పత్రం రాసి ఇల్లు విడిచిపొమ్మన్నారు. ఇసక్కి గుడిలోనో, సంతానం కోరే స్త్రీలు ఉయ్యాల కడతారు. బిడ్డను నమిలే నోటినే బిడ్డనిమ్మని అడుగుతారు. కనుక ఆమెను ‘తమిళ లిలిత్’ అంటే భయం మిగులుతుంది, మొక్కు జారిపోతుంది. కథను మాత్రమే చదివి ఆచారాన్ని వదిలేసే విమర్శకు సగమే కనిపిస్తుంది.

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ (1923-2021) మాతృభాష తెలుగు. కరిసల్ నేల కథలను ఆయన తమిళంలో కూర్చారు. అవే కథలు మీ అవ్వల నోట తెలుగులో ఎలా ఉన్నాయో రాసుకోండి. వాళ్ల మాటలను పుస్తకాల తెలుగులోకి దిద్దకండి. ఇయక్కి ఇసక్కి అయినట్టు, చరిత్ర ఆ ఉచ్చారణలోనే నిలిచి ఉంటుంది.