చివరి దాకా దాచిన పగ

పగ సినిమా ఎలా మొదలవ్వాలో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మొదటి రీలులో తండ్రిని చంపుతారు. పిల్లవాడు తలుపు సందులోంచి చూస్తాడు, హంతకుడి ఉంగరమో గొలుసో గుర్తుపెట్టుకుంటాడు, పరిగెడుతూ పరిగెడుతూనే పెద్దవాడైపోతాడు. ఆ తర్వాత వాడు ఎవర్ని చితక్కొట్టినా మనం వాడి పక్షమే. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ 1968లో తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’ ఈ వరసని తలకిందులు చేసింది. హీరో ఎవరికోసమో వచ్చాడని మొదట్లోనే తెలుస్తుంది. ఎందుకొచ్చాడో మాత్రం, సినిమా ఇంకాసేపట్లో అయిపోతుందనగా గానీ చెప్పరు.

చూసినవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు. కొందరు నిద్రొచ్చిందంటారు, కొందరు ఇలాంటిది మళ్లీ రాలేదంటారు. నేను రెండో జట్టు మనిషిని. అయినా మొదటివాళ్లు అబద్ధమాడటం లేదు, నిజంగానే నత్తనడక. పనితనమంతా ఆ నడకలోనే ఉందని నా వాదన.

మొదటి సన్నివేశం ఎడారిలో ఒక రైల్వే స్టేషన్. ముగ్గురు తుపాకీ మనుషులు రైలు కోసం కాచుకుని ఉంటారు. పది నిమిషాలకు పైగా దాదాపు మాటల్లేవు, వాద్య సంగీతం అసలే లేదు. గాలిమర కిర్రుకిర్రుమంటూ ఉంటుంది. జాక్ ఎలామ్ మొహం మీద ఈగ వాలుతుంది, ఊదినా పోదు. టకటకలాడి విసిగించే టెలిగ్రాఫ్ తీగని అతను పీకేస్తాడు. చివరికి ఈగని తుపాకీ గొట్టంలో బంధించి, మూతిని వేలితో మూసి, లోపల అది రొద పెడుతుంటే చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. వుడీ స్ట్రోడ్ నెత్తిన నీటిచుక్క పడుతుంది. జరగడు, టోపీ పెట్టుకుంటాడు. చుక్కలు టోపీ మీద టప్‌టప్‌మని పడి అంచులో నిండుతాయి, తీరిగ్గా వాటినే తాగుతాడు. మూడోవాడు మెటికలు విరుచుకుంటాడు. కథగా చెప్పుకోడానికి ఇందులో ఏమీ లేదు. కానీ ఇంతసేపు చప్పుళ్లకే చెవి అలవాటు పడ్డాక, వచ్చిన రైలు వెళ్లిపోయాక, పట్టాలకి అవతలి నుంచి మౌత్ ఆర్గాన్ మూలిగితే ఒళ్లు జలదరిస్తుంది. ఛార్లెస్ బ్రాన్సన్ మనకి మనిషిగా కంటే ముందు శబ్దంగా పరిచయమవుతాడు. అతనికి పేరు కూడా ఉండదు, అందరూ హార్మోనికా అంటారు. పేరడిగితే చచ్చినవాళ్ల పేర్లు చెబుతాడు. అన్నీ ఫ్రాంక్ చేతిలో పోయినవాళ్లవే.

ఆ ఫ్రాంక్ పరిచయం ఇంకో పాఠం. పొలం మధ్య ఒంటరి ఇల్లు, ముంగిట్లో విందు బల్లలు. ఉన్నట్టుండి కీచురాళ్లు ఆగిపోతాయి. ఇంట్లోవాళ్లు తలెత్తి చూస్తారు, మళ్లీ మొదలవుతాయి, మళ్లీ ఆగుతాయి. తర్వాత తుపాకులు. ఒక్క పసివాడు మిగులుతాడు. అప్పుడు విరుచుకుపడుతుంది ఎలక్ట్రిక్ గిటార్. పొదల్లోంచి వచ్చిన హంతకుల నాయకుడి వెనక నుంచి కెమెరా చుట్టూ తిరిగి మొహం చూపిస్తే, అది హెన్రీ ఫోండా! తెర మీద లింకన్‌గా కనిపించిన మనిషి, అమెరికా ప్రేక్షకులకి మంచితనానికి మారుపేరు. రాముడూ రావణుడూ రెండూ ఎన్టీఆరే వేయగా చూసిన మనకి ఈ దెబ్బ పూర్తిగా తగలకపోవచ్చు. గోధుమరంగు కటకాలు పెట్టుకుని, మీసంతో సెట్‌కొచ్చిన ఫోండాని లియోనీ అవన్నీ తీసేయమన్నాడట. ఆయనకి కావలసింది ఆ నీలికళ్లే. పసివాడి మీద పేలిన తుపాకీ మోత అలాగే రైలు కూతలో కలిసిపోతుంది. ఆ ఇంటికి కొత్త ఇల్లాలిగా రావలసిన జిల్ (క్లాడియా కార్డినాలే) ఆ రైల్లోంచే దిగుతుంది.

సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనీ ముఖ్యమైన బాణీలన్నీ షూటింగుకి ముందే కట్టి రికార్డు చేశాడు. లియోనీ వాటిని సెట్‌లో వినిపిస్తూ నటుల నడకనీ కెమెరా కదలికనీ వాటికి తగ్గట్టు నడిపాడు. జిల్ స్టేషన్ గదిలోకి వెళ్లే షాట్ చూడండి. కెమెరా లోపలికి వెళ్లదు. కిటికీలోంచి ఆమెని చూసి, గోడ మీదుగా పైకి లేచి, పెంకుల కప్పు దాటుతుంది. అవతల ఊరంతా పరుచుకునే క్షణానికి సరిగ్గా వాద్యబృందం ఉప్పొంగుతుంది. ఛాయాగ్రాహకుడు టొనీనో డెల్లి కొల్లి పనిలో ఎవరైనా ఒక్కటి చూపించమంటే నేను దీన్నే చూపిస్తాను.

ఇక పగ. కథ నడుస్తుండగా హార్మోనికా మనసులో ఒక దృశ్యం మెదులుతుంది. ఎండలో మసగ్గా ఎవరో నడిచి వస్తుంటారు. మళ్లీ మెదిలినప్పుడు ఇంకొంచెం దగ్గరవుతాడు. చివరి ద్వంద్వయుద్ధంలో, బ్రాన్సన్ కళ్లు తెరంతా నిండాక గానీ ఆ మనిషి తేటపడడు. వయసులో ఉన్న ఫ్రాంక్. కమాను కింద ఒకడి మెడకి ఉరితాడు. వాడు నిలబడింది తన తమ్ముడి భుజాల మీద. తమ్ముడి మోకాళ్లు ఒరిగితే అన్న ప్రాణం పోతుంది. ఫ్రాంక్ వచ్చి ఆ పిల్లవాడి నోట్లో మౌత్ ఆర్గాన్ కుక్కుతాడు. సినిమా పొడుగునా మనం బాణీ అనుకున్నది రొప్పుతున్న పిల్లవాడి ఊపిరి! దాని పక్కనే ఫ్రాంక్ గిటార్ ఎందుకు మోగుతోందో కూడా అప్పుడే అర్థమవుతుంది. కారణం మొదటి రీలులోనే చెప్పేసి ఉంటే ఆ మూలుగు ఒట్టి గుర్తుగా మిగిలేది.

లోపాలు లేవనను. రైల్వే యజమాని మోర్టన్ ఎత్తుగడలు నడిమధ్యలో చిక్కుపడతాయి. జిల్ ఫ్రాంక్‌కి లొంగే సన్నివేశం కార్డినాలే నటన వల్ల నిలబడింది గానీ రచన వల్ల కాదు.

కౌబాయ్ గాలి తెలుగులోకి 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’తో వచ్చింది. అందులో దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, హీరో కృష్ణ గుర్రాల్నీ వేగాన్నీ పట్టుకున్నారు, నిదానం జోలికి పోలేదు. మన హాళ్లలో అదే సరైన లెక్కేమో. నిదానం అమెరికాలోనూ అమ్ముడుపోలేదు. దాదాపు 165 నిమిషాల సినిమాలో అక్కడ 20 నిమిషాల దాకా కోసేశారు. హార్మోనికా, దొంగ షయెన్ మొదటిసారి ఎదురుపడే సత్రం సన్నివేశం కూడా పోయింది. ఫ్రాన్సులో పెద్ద హిట్టయిన సినిమా అమెరికాలో బోల్తాకొట్టింది. కోసినందువల్ల వేగం రాలేదు, కథ మాత్రం తెగింది.