ఆవిరి బండి, వీపు మీది బుట్ట

స్కాట్లండ్ పాత రైళ్ల ఛాయాచిత్రాల్లో ఒకటి మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. గ్లెన్‌ఫినన్ వంతెన, 21 కమానుల మీద వంపు తిరుగుతున్న ఆవిరి రైలు, తెల్లటి పొగ, చుట్టూ కొండలు, కింద మనిషి జాడలేని లోయ. రైలు వేళకి ఎదుటి గుట్ట మీద కెమెరాలతో జనం బారులు తీరుతారు. ఫొటోలో మాత్రం మనుషులెవరూ పడకూడదు!

ఆ బొమ్మలు అందంగా లేవని అనను. యాత్రా సాహిత్యం మీద పరిశోధన చేస్తూ ఏళ్ల తరబడి చూశాను, ఇష్టపడ్డాను కూడా. నా పేచీ ఆ ఖాళీతోనే. హైలాండ్స్ లోయలు పుట్టుకతో ఖాళీవి కావు. 18, 19 శతాబ్దాల్లో గొర్రెల పెంపకం కోసం భూస్వాములు వేలాది కౌలు కుటుంబాలను వెళ్ళగొట్టారు. ఆ రైలుమార్గం కూడా దృశ్యాల కోసం వేసింది కాదు. 1901లో దాన్ని మాలేగ్ రేవు దాకా తీసుకెళ్ళడానికి ముఖ్య కారణం చేపలు.

చేపల మాట వస్తే స్త్రీల మాట రావాలి. హెర్రింగ్ చేపల కాలంలో స్కాట్లండ్ ఆడపిల్లలు ముగ్గురేసి జట్లుగా షెట్లండ్ నుంచి ఇంగ్లండులోని యార్మత్ దాకా రేవు రేవుకీ తిరిగేవారు. ఇద్దరు చేపల్ని చీల్చి శుభ్రం చేస్తే ఒకరు ఉప్పు చల్లి పీపాల్లో పేర్చేవారు. కత్తి తగలకుండా, ఉప్పు మండకుండా వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకునేవారు. వీళ్ళకోసం ప్రత్యేక రైళ్ళు నడిచాయి. ఇంజను నంబరూ తయారైన ఏడాదీ కంఠతా చెప్పే అభిమానులు, ఆ పెట్టెల్లో ఎవరు కూర్చున్నారని ఎందుకు అడగరు?

అసలు రవాణా అంటే చక్రాలుండాలా? ఎడింబరో పక్కనున్న న్యూహేవెన్ జాలరి స్త్రీలు చేపల బుట్టలు వీపున మోసుకుంటూ నగరానికి నడిచి వెళ్ళి అమ్మేవారు. 1840లలో హిల్, ఆడమ్సన్ వాళ్ళని ఫొటోలు తీశారు. 1931లో వాల్టర్ బెంజమిన్ ఆ ఫొటోల్లో ఒకదాని గురించి రాస్తూ, ఆ స్త్రీ పేరేమిటని బొమ్మ మనల్ని నిలదీస్తూనే ఉంటుందన్నాడు. గొప్ప పరిశీలన. కానీ ఆయన చూపు కూడా ముందు నిలిచింది దించుకున్న ఆమె కళ్ళ మీద, ఆ బిడియంలోని ఆకర్షణ మీద. ఆమె మోసిన బరువు ఆయన వాక్యాల్లోకి రాలేదు. ఆమె పేరు ఎలిజబెత్ జాన్‌స్టన్ హాల్.

అందుకే నాకు మార్గరెట్ ఫే షా ఛాయాచిత్రాలు ముఖ్యమనిపిస్తాయి. 1903లో అమెరికాలో పుట్టిన ఈమె 1929 నుంచి ఆరేళ్ళు సౌత్ యుయిస్ట్ దీవిలో పెగీ, మారీ మెక్రే అనే అక్కచెల్లెళ్ళ ఇంట్లో ఉంది. గేలిక్ పాటలు సేకరిస్తూ, వాళ్ళూ పొరుగువాళ్ళూ చేసే పనుల్ని ఫొటోలు తీసింది. ఇక్కడా కొండలున్నాయి, సముద్రముంది, కానీ అవి మనుషుల వెనక ఉన్నాయి. పేదరికం ఈ చిత్రాల్లో కాస్త ముద్దుగా కనిపిస్తుందని ఎవరైనా అంటే నేను పూర్తిగా కాదనలేను. అయినా గుట్టెక్కి రైలు కోసం కాచుకున్న కన్నుకీ, ఆ ఇంటి పొయ్యి దగ్గర ఆరేళ్ళు కూర్చున్న కన్నుకీ చాలా తేడా ఉంది. 1955లో వచ్చిన ఆమె పుస్తకంలో పాటలతోపాటు పాడినవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి.