బల్ల మీద అమ్మమ్మ

సలహాకు మన దగ్గర కరువు లేదు. పిల్లాడికి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని తల్లి నోరు జారితే చాలు, ఇరుగూ పొరుగూ అంతా వైద్యులైపోతారు. గసగసాల పాలు తాగించమని ఒకరు, ఫోన్ లాక్కోమని ఇంకొకరు, పెళ్లి చేసేస్తే అన్నీ సర్దుకుంటాయని మరొకరు. అందరూ మంచి కోరే చెబుతారు. చిక్కల్లా ఏమిటంటే, నిద్ర ఎందుకు పట్టడం లేదో ఆ పిల్లాణ్ణి అడిగినవాళ్లు మాత్రం ఆ గుంపులో కనిపించరు.

అలా అడగడాన్ని ఒక పనిగా నేర్చుకున్న కొందరు అమ్మమ్మలున్నారు. వాళ్లది జింబాబ్వే. 2005లో అక్కడి ప్రభుత్వం నగరాలను శుభ్రం చేస్తామంటూ మురికివాడలూ బడ్డీకొట్లూ కూలగొట్టించింది. గూడో, బతుకుతెరువో, రెండూనో పోగొట్టుకున్నవాళ్లు ఏడు లక్షలదాకా ఉంటారని ఐక్యరాజ్యసమితి లెక్క. ఆ రోజుల్లోనే డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు దగ్గర చికిత్స పొందుతున్న ఒక యువతి ప్రాణం తీసుకుంది. ముందే ఆసుపత్రికి ఎందుకు తీసుకురాలేదని అడిగితే, బస్సు చార్జీలకు పదిహేను డాలర్లు లేకపోయాయని తల్లి చెప్పిందట. కోటికి పైగా జనం ఉన్న ఆ దేశంలో సైకియాట్రిస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. జనం డాక్టరు దగ్గరికి రాలేనప్పుడు జనం దగ్గరికి వెళ్లేది ఎవరు?

హరారే నగరంలో మ్బారే అని కిక్కిరిసిన పేట ఉంది. అక్కడ ఏదైనా చేద్దామని చిబాండా ప్రయత్నిస్తే, ఇవ్వడానికి నర్సులు లేరు, క్లినిక్కులో ఖాళీ గది లేదు. మిగిలింది పేటలో ఆరోగ్య కార్యకర్తలుగా తిరుగుతున్న పద్నాలుగు మంది అమ్మమ్మలు, క్లినిక్కు బయట చెట్టు నీడ. 2006లో ఆ నీడలో ఒక చెక్క బల్ల వేశారు. మొదట దానికి మెంటల్ హెల్త్ బెంచ్ అని పేరు పెట్టారు. ఆ పేరుంటే ఒక్కరూ వచ్చి కూర్చోరని అమ్మమ్మలే తేల్చేశారు. అలా అది ఫ్రెండ్‌షిప్ బెంచ్ అయింది. ఇప్పుడది పెద్ద స్వచ్ఛంద సంస్థ. బల్లలు మలావీకీ జాంజిబార్‌కీ, న్యూయార్క్‌కి కూడా వెళ్లాయి.

ఆ బల్ల మీద ఏం జరుగుతుందో చూద్దాం. క్లినిక్కుకు వచ్చినవాళ్లను ముందు పద్నాలుగు ప్రశ్నలు అడుగుతారు. అన్నింటికీ అవుననో కాదనో చెబితే చాలు. ఈ వారంలో ఏదో ఒకటి అదే పనిగా ఆలోచిస్తూ ఉండిపోయావా? చిన్నదానికే కోపం వచ్చిందా? కడుపులో నొప్పిగా ఉందా? పని వెనకబడిందా? ఏడుపొచ్చిందా? బతకాలని లేదనిపించిందా? తొమ్మిదింటికో అంతకు మించో అవునని వస్తే బల్ల దగ్గరికి పంపుతారు. ఈ ప్రశ్నపత్రం వెనుక మనవాడొకడున్నాడు. విక్రమ్ పటేల్ 1990ల్లో హరారేలో పనిచేసేటప్పుడు, అక్కడి జనం తమ బాధను ఏ మాటల్లో చెప్పుకుంటారో విని, స్థానికులతో కలిసి దీన్ని తయారుచేశారు. తర్వాత గోవాలో 1996లో సంగాత్ సంస్థను స్థాపించినవారిలో ఆయనా ఒకరు. డాక్టర్లు కానివాళ్లకు శిక్షణ ఇచ్చి కుంగుబాటుకు చికిత్స చేయించడం సంగాత్‌కు పేరు తెచ్చిన పని.

బల్ల మీద కూర్చున్న మనిషి కష్టాలన్నీ ఒక్కసారే కుమ్మరిస్తుంది. భర్తకు పని పోయింది, పిల్లల ఫీజు కట్టలేదు, ఇంటద్దె బాకీ పడింది, రక్తపరీక్షలో హెచ్‌ఐవీ ఉందన్నారు. అమ్మమ్మ అన్నీ వింటుంది. విన్నాక, వీటిలో ముందు దేని సంగతి చూద్దామని అడుగుతుంది. ఎంచుకోవాల్సింది వచ్చినామే. ఎంచుకున్నదానికి ఏమేం దారులున్నాయో ఆమె నోటితోనే చెప్పిస్తుంది. వాటిలో ఈ వారం చేయగలిగింది ఒకటి తేల్చుకుని వచ్చినామె ఇంటికి వెళుతుంది. మళ్లీ వచ్చినప్పుడు మొదటి మాట దాని గురించే: వెళ్లావా, ఏమన్నారు, కుదరకపోతే ఎక్కడ ఆగింది? ఇలా ఆరుసార్లు. ఆ తర్వాత ఇదే బల్ల మీంచి లేచినవాళ్లంతా ఒక బృందంగా కలుస్తారు. పాత ప్లాస్టిక్‌తో సంచులు అల్లుకుంటూ కబుర్లు చెప్పుకుంటారు, నాలుగు డబ్బులు సంపాదించుకుంటారు.

ఇది చదివి చాలామంది అమ్మమ్మ ప్రేమ గురించి పద్యాలు ఎత్తుకుంటారు. నాకు మాత్రం మా మామ్మ గుర్తొచ్చింది. ఊళ్లో సగం తగువులు మా వీధరుగు మీదే తెగేవి. ప్రేమకు ఆవిడ దగ్గర లోటు లేదు. కానీ ఆ బల్ల మీద కూర్చోబెడితే రెండో నిమిషంలో తీర్పు చెప్పేసేది. ‘వాడితో నీకెందుకే, పుట్టింటికి పోయి కూర్చో’ అనేసి లోపలికెళ్లి పులుసులో పోపు పెట్టేసుకునేది. వయసు వల్ల వచ్చే నమ్మకం వేరు, నోరు కట్టేసుకోవడం వేరు. మొదటిది ఊరు ఇస్తుంది. రెండోది శిక్షణ ఇస్తే తప్ప రాదు. మ్బారే అమ్మమ్మలు వారానికి పైగా శిక్షణలో కూర్చుని, పుస్తకం ముందు పెట్టుకుని, సలహా ఇచ్చే జీవితకాలపు అలవాటును పక్కన పెట్టడం నేర్చుకున్నారు. చేయి దాటిన కేసును ఎప్పుడు పైకి పంపాలో కూడా నేర్చుకున్నారు. ప్రాణం తీసుకునే ఆలోచనలో ఉన్నవాళ్లను బల్ల మీద వదిలేసి ఊరుకోరు. పైన పర్యవేక్షకులున్నారు, ఆ పైన డాక్టరున్నాడు.

పని చేసిందా అంటే, చేసింది. హరారేలో 24 క్లినిక్కుల్లో 573 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, కాస్త మెరుగుపరిచిన మామూలు వైద్యమే అందినవాళ్లలో దాదాపు సగం మందికి ఇంకా కుంగుబాటు లక్షణాలున్నాయి. బల్ల మీద కూర్చున్నవాళ్లలో నూటికి పద్నాలుగు మందికే ఉన్నాయి. ఇల్లు రాలేదు, ఉద్యోగం రాలేదు, హెచ్‌ఐవీ పోలేదు. వాటి మధ్యే ఒక పని తర్వాత ఒకటి చక్కబెట్టుకోగలనన్న ధైర్యం వచ్చింది.

మన దగ్గరా ఈ దారిలో అడుగులు పడ్డాయి. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చారు. వాళ్లు ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలు అడిగి, కుంగుబాటు, ఆందోళన ఉన్నవాళ్లను గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపేవారు.

ఆ పథకంతో సంబంధం లేకుండానే, మా చుట్టాల ఊళ్లో ఒక ఆశా అక్క పని చూశాను. బాలింత ఇంటికి వచ్చింది. బిడ్డ బరువు రాసుకుంది. ‘నిద్ర పడతా ఉందా అమ్మా?’ అంది. ‘బాగానే ఉందండి’ అని ఆ పిల్ల తల పక్కకు తిప్పుకుంది. అక్క రిజిస్టరు మూసేసింది కానీ లేవలేదు. ‘కాసిని మంచినీళ్లియ్యి’ అంది. గ్లాసు చేతికొచ్చాక ఒక్కో గుక్కా నిదానంగా తాగింది. గ్లాసు సగమయ్యేసరికి ఆ పిల్ల వచ్చి గడప మీద కూర్చుంది. పాలు పడటం లేదని, అత్తగారు దెప్పుతున్నారని, రాత్రంతా మేలుకునే ఉంటున్నానని మెల్లగా చెప్పింది. ‘మీ అత్తతో మాట్లాడనా?’ అని అక్క అడిగింది. వద్దంది. ‘పోనీ రేపు సబ్‌సెంటర్‌కి నువ్వొస్తావా, నన్ను రమ్మంటావా?’ ‘నేనే వస్తానక్కా’ అంది ఆ పిల్ల. ఆ పూట ఇచ్చిన వైద్యం అంతే.

ఆ గ్లాసు నీళ్లు తాగినంత సేపూ ఏ రిజిస్టరులోనూ ఉండదు. బరువు రాయడానికి గడి ఉంది, టీకాకు గడి ఉంది, ఆగడానికి లేదు. ఇలాంటి పనిని ఆడవాళ్ల సహజగుణం అని పొగిడేయడంలో మనకొక లాభం ఉంది: సహజగుణానికి జీతం ఇవ్వక్కర్లేదు, శిక్షణా ఇవ్వక్కర్లేదు. గౌరవ వేతనం కోసం, బకాయిల కోసం ఆశాలు ఎండలో ధర్నాకు కూర్చున్నప్పుడు ఈ పొగడ్తలు ఎక్కడా వినిపించవు.

కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. మీకో, మీ ఇంట్లోవాళ్లకో అవసరమైతే మొహమాటం లేకుండా చేయండి. అయితే ఫోన్ చేయాలని కూడా తోచని మనిషి దగ్గరికి ఒకరు నడిచి వెళ్లాలి. ఆ నడిచేది మన ఊళ్లలో ఆశా అక్కే. ఆమె సంచిలో ఇంకో ఫారం పెట్టే ముందు ప్రభుత్వాలు మూడు సంగతులు తేల్చాలి: ఆగి కూర్చోవడానికి వ్యవధి ఎంత, దానికి ఇచ్చే డబ్బు ఎంత, తన వల్ల కానిది ఎదురైతే ఆమె ఎవరికి చెప్పుకోవాలి. ఈ మూడూ లేకుండా హరారే బల్లను తెచ్చి మన ఊళ్లో వేస్తే, అది మరో రచ్చబండ అవుతుంది. సలహాలకు అక్కడ ఎలాగూ కొదవ ఉండదు.