మొజంజాహి మార్కెట్: రూపం, వినియోగం

చారిత్రక కట్టడాన్ని విమర్శించేటప్పుడు మీరు దాని రూపంతోపాటు వినియోగాన్నీ పరిశీలించాలి. హైదరాబాదులో 1935లో, ఏడో నిజాం కాలంలో, గ్రానైటు రాతితో నిర్మించిన మొజంజాహి మార్కెట్ ఇందుకు మంచి ఉదాహరణ. కూడలి వైపు గడియార స్తంభం, దానికి ఇరుపక్కలా కమానుల కింద దుకాణాలు ఉంటాయి. 1998లో ప్రారంభమైన హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్‌లోకి పని ఉన్నవారే వెళ్తారు. ఈ కమానులు దారిన పోయేవారినీ లోపలికి పిలుస్తాయి. టోకు పండ్ల వ్యాపారం గడ్డిఅన్నారానికి తరలిపోయినా, పండ్ల ఐస్‌క్రీమ్ దుకాణాల్లో దాని ఆనవాలు మిగిలింది. 2020లో పూర్తయిన పునరుద్ధరణ రాతికి పూర్వపు కళ తెచ్చింది. ఇది మెచ్చదగినదే. అయితే చిన్న వ్యాపారులు నిలిచినప్పుడే అది మార్కెట్ అవుతుంది. లేకుంటే అందమైన గోడలే మిగులుతాయి. మీ ఊరి పాత మార్కెట్‌నూ ఈ దృష్టితో పరిశీలించండి.